పొడి నేల

జకరయ్య బూట్లు గుమ్మం పక్కన స్టాండులో ఉన్నాయి. నల్లవి. పొద్దున్నే ఎవరో పాలిష్ కూడా పెట్టారు. చచ్చిపోయినవాడి బూట్లకు పాలిష్ ఎందుకో అబ్రహాముకు అర్థం కాలేదు. లైను కదిలేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాడు.

లైను ఇంటి గేటు దాటి, వీధి దాటి, విజయవాడ బెంజ్ సర్కిల్ వైపు మలుపుదాకా ఉంది. ఎండ మాడ్చేస్తోంది. పక్కన కూతురు తెరేసమ్మ చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. గుణదలలో ఉంటుంది, స్కూలు టీచరు. పొద్దున టీవీలో వార్త విన్నప్పటినుంచీ ఏడుస్తూనే ఉంది.

"ఊరుకోవే. నీ సొంత పెదనాన్న చచ్చాడా?"

"పెదనాన్నే, నాన్నా. ఆయన హాస్టలు పెట్టించకపోతే నేనీపాటికి వెంకటప్పయ్యగారి చేలో నాట్లేస్తుండేదాన్ని."

ఆ మాట నిజం. నిజమే కాబట్టి అబ్రహాముకు ఒళ్ళు మండింది.

ముందు కార్లు ఆగాయి. ఖద్దరు చొక్కాలవాళ్ళు దిగారు. పోలీసు లైనును వెనక్కి నెట్టాడు. పల్లెలనుంచి తెల్లారుజామున బస్సులెక్కి వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని దారిచ్చారు. జకరయ్య ఇంట్లో కూడా దారివ్వాల్సిందే అనుకున్నాడు అబ్రహాము.

లోపల గాజుపెట్టెలో పడుకోబెట్టారు. పైన పార్టీ జెండా. ముఖం ఉబ్బింది. వేళ్ళ మధ్య జపమాల పెట్టారు. వయసులో ఉండగా అవే వేళ్ళతో ఊరి హోటల్లో గాజుగ్లాసు లాక్కుని టీ తాగాడు. ఊరవతల పల్లెలో ఉండే తమవాళ్ళకి అప్పట్లో కొబ్బరిచిప్పలో పోసేవాళ్ళు. ఆ రోజు దెబ్బలు తిన్నది ఇద్దరూ. ఎమ్మెల్యే అయింది ఒక్కడు.

తల దగ్గర చాప మీద శౌరమ్మ కూర్చుని ఉంది. జకరయ్య భార్య. అబ్రహామును చూసి చెయ్యి ఊపింది. వంగాడు.

"మన ఊరికే తీసుకెళ్తున్నాం అబ్రహామూ. గొయ్యి నువ్వే తియ్యాలి."

"గుణదలలో చోటిస్తామన్నారంటగా వదినా."

"ఇస్తామన్నారు. ఈయనే వద్దన్నాడు. ఆసుపత్రిలో చేరిన రోజే చెప్పాడు, ఊరికే తీసుకెళ్ళాలని."

"ఊళ్ళో దారేదీ?"

శౌరమ్మ అతని ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయింది. ఎవరో పెద్ద పూలచక్రం తెచ్చి ఇద్దరి మధ్యా నిలబెట్టారు. ఫొటోలవాడు పక్కకు జరగమన్నాడు.

బయట షామియానా కింద జాన్‌బాబు సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఊరి సర్పంచి. జకరయ్య తయారుచేసిన మనిషి. జకరయ్యలాగే చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. అబ్రహామును చూసి ఫోను జేబులో పెట్టాడు.

"బాబాయ్, నువ్వు ఇప్పుడే బయల్దేరు. జీపు ఉంది. ఎల్లుండి మట్టి. రేపు సాయంత్రానికి రోడ్డు పడుద్ది."

"ఏ రోడ్డు?"

"శ్మశానానికి. కలెక్టరుగారే చెప్పారు. వెంకటప్పయ్యగారు కూడా ఒప్పుకున్నారు."

ప్రతి ఎలక్షన్లోనూ పల్లెవాళ్ళు ఆ రోడ్డు అడిగారు. ప్రతిసారీ జకరయ్య చెయ్యెత్తి దణ్ణం పెట్టి, వేయిస్తానన్నాడు. శ్మశానం మురుగుకాలువ పక్కన ఉంది. దానికీ పల్లెకూ మధ్య భూమంతా వెంకటప్పయ్యది. వరి నాటాక శవాన్ని ఆ బురదలోంచే మోసుకెళ్ళాలి.

"వెంకటప్పయ్య ఒప్పుకున్నాడా!"

"సార్ మీద గౌరవంతో." జాన్‌బాబు గొంతు తగ్గించాడు. "మట్టి అయ్యేదాకానే. అయిపోగానే గ్రావెలు ఎత్తేసి చేను చేనులాగా అప్పజెప్పాలి. అదీ మాట."

"ఎవడిచ్చాడు మాట?"

"నేనే ఇచ్చాను బాబాయ్. ఇవ్వకపోతే సార్‌ని ఎట్టా తీసుకెళ్తాం?"

అబ్రహాము గట్టిగా నవ్వాడు. షామియానా కింద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. తెరేసమ్మ అతని మోచెయ్యి పట్టుకుని లాగింది.

"నాన్నా, చావింట్లో!"

"నవ్వొచ్చింది, నవ్వాను. బతికుండగా వాడు వేయని రోడ్డు వాడి శవం కోసం వేస్తన్నారు. అది కూడా అద్దెకి."

*

మర్నాడు పొద్దున టిఫిన్లవేళకు మొదటి టిప్పరు వచ్చింది. తర్వాత వరసగా వస్తూనే ఉన్నాయి. పచ్చటి చేలో ఎర్ర గ్రావెలు పోసుకుంటూ పోయారు. నాటి నెల కూడా కాని వరి దాని కింద అణిగిపోయింది. ప్రొక్లెయిన్ ముందు నడిచి చదును చేస్తోంది, రోలరు వెనక తొక్కుతోంది. పల్లెలో ఆడవాళ్ళు పనులు మానుకుని పల్లె పక్కనున్న పంటకాలువ కట్ట మీద నిలబడి చూశారు.

వెంకటప్పయ్య గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ప్రతి టిప్పరునూ చూసుకున్నాడు.

"ఆ గట్టు దాటొద్దు. గట్టు దగ్గర ఆపెయ్యండి" అని డ్రైవర్లకు చెప్పాడు.

గట్టంటే అతని చేనుకూ శ్మశానానికీ మధ్య హద్దు. మధ్యాహ్నం అతను అన్నానికి ఇంటికెళ్ళాడు. భోంచేసి విజయవాడ కారెక్కాడు. శవంతోపాటు ఊరేగింపులో రావాలి, తన కారుకు దండలు కట్టించాలి. ప్రొక్లెయిన్ తోలేవాడిది ఒంగోలు వైపు, ఇక్కడి హద్దులు తెలియవు. మంత్రుల కార్లు తిరగడానికి చోటు కావాలని ఆఫీసరు చెప్పాడు. వాడు గట్టును ఒక్క తోపుతో చదును చేసి, దాని మీద నడుమెత్తు గ్రావెలు పోయించాడు. సాయంత్రానికి చేను ఎక్కడ అయిందో, శ్మశానం ఎక్కడ మొదలైందో చూపించడానికి గడ్డిపరక కూడా మిగల్లేదు.

అబ్రహాము పలుగూ పారా భుజాన వేసుకుని ఆ రోడ్డు మీద నడిచాడు. రాళ్ళు పాదాలకు గుచ్చుకున్నాయి.

మూడు వర్షాకాలాల కిందట ఇదే చేలో రాహేలును మోసుకెళ్ళారు. అతని భార్య. తొడల్లోతు నీళ్ళు. పెట్టె భుజాల మీదనుంచి ఒకవైపు జారింది, మళ్ళీ ఎత్తుకున్నారు. జకరయ్య వచ్చాడు. మంత్రిగా ఉన్నాడప్పుడు. కాలువ కట్ట మీద ఆ నల్లబూట్లతో నిలబడి చేతులు జోడించాడు. "ఈసారి తప్పకుండా వేయిద్దాం అబ్రహామూ" అన్నాడు. కట్ట దిగలేదు. గోతిలో నీళ్ళూరి పెట్టె తేలింది. పెట్టె తేలితే ఇద్దరు పైకెక్కి నిలబడతారు, మట్టి పడి బరువెక్కేదాకా. పల్లెలో ఎవరు పోయినా గొయ్యి తీసేది అబ్రహామే, ఎక్కి నిలబడేవాళ్ళలో ఒకడూ అతనే. ఆ రోజు ఇంకెవరూ ముందుకు రాలేదు. భార్య పెట్టె మీద తనే ఎక్కాడు. మట్టి పిక్కలదాకా వచ్చాక దిగాడు. తలెత్తి చూస్తే కట్ట మీద కారు లేదు.

సమాధుల మధ్య, జాన్‌బాబు చూపించిన చోట పార దించాడు. మోకాలెత్తు తవ్వేసరికి నీళ్ళు వచ్చాయి. బకెట్టుతో తోడాడు. మళ్ళీ వచ్చాయి. ఎమ్మార్వో వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. కుర్రవాడు. ఈ మండలానికి వచ్చి ఇంకా నెల కాలేదు.

"ఏంటీ నీళ్ళు?"

"ఇక్కడింతేనండి."

"మరి మామూలుగా ఏం చేస్తారు?"

"పెట్టె తేలకుండా ఇద్దరం పైకెక్కి నిలబడతామండి. మట్టి పడ్డాక దిగుతాం."

ఎమ్మార్వో గోతిలోకి చూశాడు. జాన్‌బాబు వైపు చూశాడు. జాన్‌బాబు తల వంచుకున్నాడు.

"రేపు మంత్రులొస్తారయ్యా. టీవీలవాళ్ళొస్తారు."

"రమ్మనండి. ఇద్దరు మంత్రులయితే సరిపోద్ది."

"వేళాకోళాలొద్దు. పొడిచోటు ఎక్కడా లేదా?"

అబ్రహాము నడుం నిలబెట్టి చుట్టూ చూశాడు. మురుగుకాలువ. తుమ్మచెట్లు. వంకరపోయిన సిలువలు. తర్వాత కార్లు తిరగడానికి ఎత్తు చేసిన గ్రావెలు మెరక. దాన్నే కాసేపు చూశాడు. పారకు అంటిన బురద బొటనవేలితో తుడిచాడు.

"ఉందండి. అదుగో, ఆ మెరక మీద. ఇటుక కట్టుకుంటే నీళ్ళు రావు."

"అది శ్మశానంలోదేనా?"

"గట్టుకి ఇవతలంతా శ్మశానమేనండి."

"గట్టేదీ?"

"తీసేశారుగదండీ."

జాన్‌బాబు గబుక్కున తలెత్తాడు. ఆ మెరక వెంకటప్పయ్య చేలోది. అబ్రహాముకు తెలుసు, జాన్‌బాబుకు తెలుసు. జాన్‌బాబు నోరు తెరిచాడు. మాట ఇచ్చింది అతను. వచ్చే ఎలక్షన్లో అతనికి కావలసింది వెంకటప్పయ్య.

అబ్రహాము అతని వంక చూశాడు. జాన్‌బాబు తాత పెట్టె మీదా, తండ్రి పెట్టె మీదా నిలబడింది తనే. ఆ సంగతి నోటితో చెప్పలేదు. పాదాలకున్న బురద గడ్డికి రాసుకున్నాడు, ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి.

జాన్‌బాబు నోరు మూశాడు. జేబులోంచి ఫోను తీసి చెవికి పెట్టుకుని పక్కకు నడిచాడు. అది మోగలేదు.

"సరే, అక్కడే తియ్యండి. ఇటుక నేను పంపిస్తాను" అన్నాడు ఎమ్మార్వో.

*

ఊరేగింపు రావడం ఆలస్యమైంది. ప్రతి సెంటర్లోనూ ఆపారు, ప్రతిచోటా దండలు వేశారు. ఇంతమంది జనం పల్లెకు ఎప్పుడూ రాలేదు. కార్లు ఎర్రదుమ్ము రేపుకుంటూ చేలో రోడ్డు మీద వచ్చాయి. తెరేసమ్మ బస్సు దిగి తండ్రి కోసం వెతుక్కుంది. అతను మెరక మీద, గొయ్యి పక్కన, పార మీద చేతులాన్చి నిలబడి ఉన్నాడు.

వ్యాను తలుపు తీశారు. పెట్టె దించగానే పెద్దవాళ్ళంతా భుజం పెట్టడానికి తోసుకున్నారు. టీవీవాళ్ళు వెనక్కి నడుస్తూ తీస్తున్నారు. ముందు కుడివైపు వెంకటప్పయ్య. తెల్లచొక్కా, తెల్లపంచె. పల్లె శవానికి అతను భుజం పెట్టడం ఊరు చూడటం అదే మొదలు. నడుస్తూ ఎదురుగా చూశాడు. గొయ్యి కనిపించింది. పక్కకు చూశాడు. తన మోటారు షెడ్డు, తన కొబ్బరిచెట్టు. మళ్ళీ గొయ్యి చూశాడు.

ఆగిపోయాడు. పెట్టె ఊగింది. వెనకవాళ్ళు తూలారు.

"అబ్రహామూ" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. "ఎక్కడ తీశావురా?"

"పొడిగా ఉన్నచోట తీశానండి."

"ఒరేయ్, ఇది నా..."

కెమెరా అతని వైపు తిరిగింది. వెనక మంత్రి భుజం మార్చుకుంటూ, "పదండి వెంకటప్పయ్యగారూ, బరువుగా ఉంది, పదండి" అన్నాడు. పక్కన ఎవరో "జకరయ్యగారు అమర్ హై" అని అరిచారు. జనం అందుకున్నారు.

వెంకటప్పయ్య అడుగు ముందుకేశాడు. తన చేలోకి జకరయ్యను తనే మోసుకొచ్చాడు.

ఫాదర్‌గారు ప్రార్థన చదివారు. తాళ్ళతో పెట్టె దించారు. పెట్టె ఇటుకల మధ్య కూర్చుంది. తేలలేదు. ఎవరూ దాని మీద ఎక్కి నిలబడాల్సిన పని పడలేదు. పల్లెవాళ్ళు మెడలు సాచి అది చూశారు.

అందరూ పిడికెడు మట్టి వేశారు. శౌరమ్మ వేసింది. తెరేసమ్మ మోకరించి వేసింది. మంత్రి వేసి చేతులు దులుపుకున్నాడు. వెంకటప్పయ్య వేశాడు. మంత్రి మైకు తీసుకుని, జకరయ్య బడుగుల గుండెల్లో బతికే ఉంటాడన్నాడు. ఇదే చోట సమాధి కట్టిస్తామన్నాడు, ఏటా వర్ధంతికి తను స్వయంగా వస్తానన్నాడు. చప్పట్లు మోగాయి. వెంకటప్పయ్య కూడా కొట్టాడు. కెమెరా ఇంకా అతని మీదే ఉంది.

అబ్రహాము పారతో మట్టి లాగాడు. చివరిదాకా తనే పూడ్చాడు. కానీ వంగి చేత్తో పిడికెడు వెయ్యలేదు.

*

మర్నాడు వెంకటప్పయ్య ట్రాక్టరు తీసుకొచ్చాడు. వెనక బ్లేడు కట్టించాడు. ఎమ్మార్వోను కూడా పిలిపించాడు.

"నా పొలంలో పూడ్చారండీ. సర్వే చేయించండి, తేలుద్ది."

"మాజీ మంత్రి సమాధి సార్" అన్నాడు ఎమ్మార్వో. "నిన్న రాష్ట్రమంతా చూసింది. మీరే మోశారు. నేను దాని జోలికెళ్ళను."

"రోడ్డయినా తియ్యనివ్వండి."

"వర్ధంతికి మంత్రిగారు దేని మీద వస్తారు?"

ఎమ్మార్వో జీపెక్కి వెళ్ళిపోయాడు. వెంకటప్పయ్య పల్లెలోకి వచ్చాడు. అబ్రహాము వాకిట్లో కూర్చుని పారకు కొత్త కర్ర కామ వేస్తున్నాడు. వెంకటప్పయ్య లోపలికి రాలేదు, దడి బయటే నిలబడ్డాడు.

"అబ్రహామూ, అయిందేదో అయింది. పెట్టె తీసి ఆ తుమ్మచెట్ల దగ్గర పెట్టండి. నీకు కావలసింది చేస్తా."

"పెట్టించండి."

"నువ్వు తవ్వాలి గదా."

"నేను పార ముట్టనండి."

"ఇంకెవర్నయినా చూస్తా."

"చూడండి. ఊళ్ళోవాళ్ళు శవాన్ని తవ్వరు. పల్లెలోవాళ్ళం మేం తవ్వం." కామను రాయి మీద కొట్టి బిగించాడు. "మీరే దిగాలి."

వెంకటప్పయ్య ముఖం కందింది. "నీ బుద్ధి చూపించావురా. హద్దు దాటావు."

"హద్దా?" అబ్రహాము తలెత్తాడు. "మా నాయన్ని పెట్టినప్పుడు ఆ గట్టు మీ కొబ్బరిచెట్టు దగ్గరుండేదండి. ఏటా దున్నినప్పుడల్లా ఇటు జరిగొచ్చింది. మా నాయన సమాధి మీద ఇప్పుడు మీ వరి ఉంది."

దడి పక్కన నలుగురు చేరారు. జాన్‌బాబు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. వెంకటప్పయ్య అతని వైపు చూశాడు.

"ఏం సర్పంచీ, మాటిచ్చావుగా?"

జాన్‌బాబు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఇచ్చానండి. ఆయన్ని కదపమని నేను చెప్పలేనండి."

సాయంత్రం ట్రాక్టరు బ్లేడు విప్పుకుని పోయింది.

*

మూడో రోజు ప్రార్థనకు శౌరమ్మ విజయవాడనుంచి వచ్చింది. పల్లె ఆడవాళ్ళంతా ఆమెతో బయల్దేరారు. కాలువ కట్ట దిగి గ్రావెలు దగ్గరకు రాగానే చీర కుచ్చిళ్ళు పిక్కలపైకి ఎత్తి దోపుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఆలోచించలేదు. అలాగే ఎండిన రోడ్డు మీద, కుచ్చిళ్ళు ఎత్తుకునే, చివరిదాకా నడిచారు. తెరేసమ్మ కూడా అంతే. సమాధి దగ్గర ఎవరో ముసలామె తన కాళ్ళు చూసుకుని ముందు నవ్వింది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ప్రార్థన అయ్యాక శౌరమ్మ మిగిలిపోయింది. అబ్రహాము తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. దగ్గరకు వచ్చింది.

"నువ్వు పిడికెడు వెయ్యలేదు. చూశాను."

"పారతో వేశానుగా వదినా."

"పార వేరు, చెయ్యి వేరు."

అబ్రహాము నేల చూశాడు. శౌరమ్మ కూర్చుంది.

"ఆ రోజు నువ్వడిగావు, దారేదని. దారి లేదని తెలిసే ఆయన ఊరికి తీసుకెళ్ళమన్నాడు. 'బతికుండగా అడగలేకపోయాను, శవాన్నయితే కాదనలేరు' అన్నాడు."

"అడగలేకపోయాడా? మూడుసార్లు గెలిచినవాడు?"

"ఓట్లు మీవి. టిక్కెట్టు వాళ్ళది. ప్రతిసారీ వెంకటప్పయ్యగారింటికి వెళ్ళి కూర్చోవాల్సొచ్చేది."

"కుర్చీ వేసేవాడా?"

"వేసేవాడు. అందరికీ చెక్కవి. ఈయనకి ప్లాస్టిక్‌ది. మంత్రయ్యాక కూడా." ఆమె కొంగు సర్దుకుంది. "ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"నీకెట్టా చెప్తాడు? హోటల్లో గ్లాసు లాక్కున్నప్పుడు పక్కనున్నవాడివి నువ్వు."

మోటారు షెడ్డు దగ్గర కొంగలు వాలాయి.

"రాహేలు పెట్టె మీద నేను నిలబడ్డాను వదినా" అన్నాడు చివరికి. "ఆయన కట్ట మీద నిలబడ్డాడు."

"నిజమే" అంది శౌరమ్మ. మోకాళ్ళు పట్టుకుని లేచి, కారు వైపు నడిచింది.

అబ్రహాము లేచాడు. జకరయ్య సమాధి మీద దండలు వాడిపోయాయి. పార్టీ జెండా ఒకటి గుచ్చి వెళ్ళారు. దాని ముందు ఆగాడు. వంగి, రోడ్డు అంచునుంచి పిడికెడు ఎర్రమట్టి తీశాడు. పిడికిలి బిగించి కాసేపు నిలబడ్డాడు.

అక్కడ వెయ్యలేదు. సమాధుల మధ్యనుంచి మురుగుకాలువ వైపు నడిచాడు. రాహేలు సిలువ ఒకపక్కకు ఒరిగి ఉంది. దాన్ని నిలబెట్టి, మొదట్లో ఆ మట్టి పోసి, అరచేత్తో అదిమాడు.

అప్పుడు చూసుకున్నాడు. ఎడమ చేతిలో చెప్పులున్నాయి. కట్ట దిగేటప్పుడు ఎప్పటిలాగే విప్పినవి.